నూరు ముఖాల కాగితం

కాంకాల్ రేవులో ఆటు మొదలైన వేళ
బూట్ల నిండా బురదతో వచ్చింది ఆజెలిన్.
అరవై ఎనిమిదేళ్లు.
నలభై ఏళ్లుగా ఆల్చిప్పలు విప్పుతున్న చేతులు.
ఆమె గుండె లయ తప్పిందని యంత్రం గీసిన గీతల్ని
బల్ల మీద పరిచాను.
మా చేతిలో పన్నెండు నిమిషాలు.
బయట ఇంకో ఏడుగురు దగ్గుతున్నారు.

"నిర్ణయం మనిద్దరం కలిసి తీసుకుందాం" అన్నాను.
శిక్షణలో నేర్పిన మాట అది,
ఇంకా నా నోటికి కొత్త చెప్పులా కరుస్తోంది.
ఆమె కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది,
ధర ఒకటేనని రాసిపెట్టిన కొట్లో
కొట్టువాడే బేరమాడమన్నట్టు.

నూరు ముఖాల కాగితం తీశాను.
నూరూ గుండ్రంగా నవ్వుతున్నవే,
అయిదు మాత్రం ఎర్రబారి.
"మందు వాడకపోతే ఏడాదిలో వీళ్లకి పక్షవాతం.
వాడితే ఇద్దరికే.
కానీ నెత్తురు పలచబడుతుంది, ఇదిగో ఈ నీలం ముఖాలు..."
ఆమె వేలు వరసల మీద మెల్లగా నడిచింది,
చివరి వరస దాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చి,
"ఇందులో నేనెవర్ని?"

తెలిస్తే చెప్పేవాణ్ణి.

"బుట్టకి నూరు చిప్పలుంటే అయిదు చచ్చినవే.
ఆ లెక్క మీరు చెప్పాలా నాకు?
కానీ నేను రెండు రెండు తీసి ఒకదాంతో ఒకటి తట్టి వింటాను.
చచ్చింది డొల్లగా మోగుతుంది.
మీరు విన్నారుగా. నా చప్పుడెలా ఉంది?"

స్టెతస్కోపు మళ్లీ పెట్టాను.
గాలికి గడియ ఊడిన తలుపు:
రెండు, ఆగి, మూడు, ఒకటి, ఆగి...
డొల్లగా లేదు. సరిగానూ లేదు.
అదే చెప్పాను.
ఆ పూట కాగితం చూడకుండా చెప్పిన మాట అదొక్కటే.

అప్పుడడిగింది పక్క కుర్చీలోని చెల్లెలు సొలాంజ్,
"మీ అమ్మగారైతే ఏం చేసేవారు?"

మా అమ్మకి ఇచ్చాను. ఈ మందే.
మూడో ఏడు స్నానాల గదిలో జారింది.
తలలో నెత్తురు, తెల్లారేదాకా ఆగనిది.
ఆమె ఏ ముఖమో ఏ వరసో నాకూ తెలియదు.
"ఒక్కొక్కరి పరిస్థితి ఒక్కోలా ఉంటుందండీ,
మేము ఇలాంటివి..." అన్నాను, గోడ గడియారంతో.
మనం అన్న నోరే,
ఎంత సులువుగా మేము అనేసిందో.

పదో రోజు ఒక్కతే వచ్చింది.
మడతల్లో ఉప్పు పట్టిన అదే కాగితం,
వెనక పెన్సిలు గీతలు.
"పది రోజుల్లో ఏడు గాట్లు. ఇది మీ నూట్లో లేదు."
"ముందే చెప్పాల్సింది" అన్నాను.
"మీరడగలేదు. మీ టైమెందుకు తినాలని నేనూ..."

అప్పుడు అమ్మ సంగతి చెప్పాను.
ఎందుకు చెప్పానో. చెప్పకూడదేమో కూడా.
చాలాసేపు తన బొటనవేలి మచ్చనే చూసుకుంది.
"అయితే మీకూ భయమేనన్నమాట"
అంటూ కుర్చీ ముందుకి జరుపుకుంది.

క్రిస్మస్ గిరాకీ అయ్యాక మాత్ర, అంది.
పక్షవాతం పండగ చూసుకుని రాదన్నాను.
ఇనుప తొడుగు వేసుకోమన్నాను.
అది తొడిగితే చిప్ప మాట చేతికి వినబడదంది.
కత్తి పట్టే చెయ్యి కాదుగా, ఎడమ చెయ్యేగా, అన్నాను.
మీరెప్పుడైనా విప్పారా, అంది.
లేదన్నాను.
ఎవరో తలుపు తట్టారు. ఇరవయ్యారు నిమిషాలు.

ఫైల్లో అచ్చు వాక్యం ఒకటుంది,
రోగికి అన్నీ వివరించి, వారి అంగీకారంతో అని.
దాన్ని కొట్టేసి రాశాను:
మాత్ర ఈ రాత్రి నుంచి.
ఎడమ చేతికి తొడుగు, ఒక వారం చూడ్డానికి.
ఇద్దరికీ పూర్తి నమ్మకం లేదు.
గురువారం మళ్లీ.